సగం దారిలో ఆగిన చెయ్యి

ఎల్లారెడ్డిలో మొన్న ఆయన సంతాప సభ జరిగింది. మాట్లాడిన వాళ్లందరూ ఒకే మాట చెప్పారు: ఆయన దేనికీ భయపడని మనిషి. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే చెప్పి దిగాను. అది అబద్ధం కాదు. కానీ సగం మాటే. మిగతా సగం ఆయన ఎడమచేతిలో ఉంది, దాని గురించి సభలో ఎవరూ నోరెత్తలేదు. ఊరూరా తిరిగి వాదించి, బాబాల గారడీలు బయటపెట్టి, తాయెత్తులు తెంపించిన మేమందరం కలిసి ఒక మనిషి చేతిని ఆయన కంచంలోని అన్నం దాకా తీసుకుపోలేకపోయాం. ఆ ఉక్రోషం నాకింకా తగ్గలేదు.

ఆయన ప్రభుత్వ బడిలో డ్రిల్లు సారు. రిటైరైనా మెడలో ఈల తియ్యలేదు. మా హేతువాద బృందంలో అందరికంటే పెద్ద, అందరికంటే దుడుకు. ఎవరేం చెప్పినా నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని, తల కొంచెం వంచి, "రుజువేంది తమ్మీ?" అనేవాడు. రుజువు లేదని తేలాక కూడా ఎదుటివాణ్ణి వదిలేవాడు కాదు. "సరే, చాయ్ తాగు. తాగుకుంట యాది చేసుకో, ఏడనన్న దొరుకుతదేమో" అనేవాడు.

నేను కామారెడ్డి నుంచి బస్సులో ఎల్లారెడ్డి వెళ్లి ఆయన్ని మొదటిసారి చూసింది ఒక అమావాస్య మధ్యాహ్నం. నిజాంసాగర్ దారి మొదట్లో, మూడు బాటలు కలిసే చోట ఎవరో పసుపు కుంకుమ చల్లిన నిమ్మకాయ, కోడిగుడ్డు పెట్టిపోయారు. బండ్లు కూడా దాన్ని తప్పించుకుని పోతున్నాయి. ఈయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ జనం మూగారు.

"సారూ, ముట్టకు! రక్తం కక్కుకుంటవ్" అన్నాడు ఒక పెద్దాయన.

"కక్కితే ముందుగాల నీకే చూపెడ్త బాపూ. అప్పటిదాక నువ్వో పని చెయ్. ఆ బండికాడికి పోయి ఉప్పేసిన సోడా పట్టుకరా" అన్నాడు ఈయన.

జనం నవ్వారు. ఆయన నిమ్మకాయ కడిగి, కోసి, సోడాలో పిండుకుని గుటగుటా తాగాడు. గుడ్డు ఇంటికి తీసుకెళ్లి పొరటు చేసుకుంటానన్నాడు. ఆ పెద్దాయన మాత్రం చాలాసేపు అక్కడే నిలబడి ఆయన మూతి వంకే చూశాడు.

అందరూ చూసింది అది. నేను చూసింది ఇంకొకటి. నిమ్మకాయ తీసుకోవడానికి ముందు లేచింది ఆయన ఎడమచెయ్యి. మా వైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. అది నిమ్మకాయ వైపు చురుగ్గా పోయింది. సగం దారిలో, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఆగింది. వెనక్కి వచ్చి నడుము పక్కన వేలాడింది. అప్పుడు కుడిచెయ్యి బయలుదేరి నిమ్మకాయను తీసింది. జనం కోసం చేసిన నాటకమనుకున్నాను. తర్వాత హోటల్లో చాయ్ గ్లాసు దగ్గర మళ్లీ అదే జరిగింది. చిల్లర దగ్గరా అదే. బస్సు ఎక్కేటప్పుడు కడ్డీ దగ్గరా అదే. అడిగేశాను.

"నాటకం గాదు తమ్మీ. అది లేసొస్తది. నేను కూసోపెడ్త" అన్నాడు.

ఆ లేచి కూర్చునే చెయ్యే ఆయనకు ఆటలో పేరు తెచ్చింది. బీర్కూర్‌లో ఉపాధ్యాయుల కబడ్డీ పోటీలో చూశాను. కూతకు వెళ్లి ఎదుటి జట్టు ముందు వంగేవాడు. ఎడమచెయ్యి లేచేది. అటు ఉన్నవాళ్లు దాన్ని చూసి ఎగిరి తప్పుకునేవాళ్లు, ఇటు ఉన్నవాళ్లు దాన్ని పట్టుకోవడానికి మీదికొచ్చేవాళ్లు. అది సగంలో ఆగేది. ఆ లోపల కుడిచెయ్యి ఒకడి భుజం తాకి గీత దాటేది. ఓడిన జట్టు వాళ్లు మోసమని గొడవ చేశారు.

"నేనేం మోసం చేసిన?" అన్నాడు ఆయన, ఈల తిప్పుకుంటూ. "మీరు నా పుర్రచెయ్యిని నమ్మిండ్రు. దాన్ని నేనే నమ్మ."

అప్పుడు నేనూ పగలబడి నవ్వాను. అది నవ్వే మాట కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆయన తల్లి కూలి మనిషి. రాజంపేట వైపు ఒక పెద్ద రైతు ఇంట్లో పనికి పోయేది. ఆ ఇంట్లో పండుగో పెళ్లో అయితే కూలోళ్ల పిల్లలను వాకిట్లో వరసగా కూర్చోబెట్టి మోదుగాకు విస్తర్లలో పెట్టేవాళ్లు. పుట్టుకతోనే ఎడమచేతి వాటం ఉన్న ఈయన ఒకసారి ఎడమచెయ్యి చాపాడు. వడ్డించే ఆమె గరిటెను ఆయన విస్తరి మీదుగా పక్క విస్తరికి తీసుకుపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. ఉత్తగా దాటిపోయింది. అది చూసిన తల్లి ఇంటికొచ్చాక ఆయన ఎడమచేతిని మొలతాడుకు కట్టేసి అన్నం ముందు కూర్చోబెట్టింది. తర్వాత రోజూ అంతే. తిండి వేళకు చెయ్యి మొలతాడుకు బందీ.

"ఏడిస్తే ఒక్కటే మాట అంటుండె మా అవ్వ" అని చెప్పాడు ఆయన. "పుర్రచెయ్యి చాపితే పెట్టరు బిడ్డా, అని. అబద్ధమా? నా కండ్లతోని చూసిన గద, పెట్టలే."

ఆ తల్లిని మూఢురాలనడం నాకు చేతకాలేదు. ఆమె దగ్గర రుజువు ఉంది. ఆకలే ఆ రుజువు. నన్ను మండించేది అదే. మూఢనమ్మకం అంటే బుద్ధి లేక పుట్టిందని వేదికల మీద తేలిగ్గా చెప్పేస్తాం. కడుపు కాలిన చోట, గరిటె దాటిపోయిన చోట పుట్టినదాన్ని ఏ వాదనతో తీసివేస్తాం?

కుర్రతనంలో ఆయన ఒక సభలో అందరి ముందూ మొలతాడు తెంపి బల్ల మీద పెట్టాడు. మొలతాడు లేని మగవాడు పీనుగతో సమానమని నమ్మే చోట అది చిన్న పని కాదు. మళ్లీ ఎన్నడూ కట్టుకోలేదు. ఎడమచెయ్యి మాత్రం సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చి, సరిగ్గా మొలతాడు ఉండవలసిన చోటే ఆనుకునేది. తాడు పోయింది, ముడి పోలేదు.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట కొంచెం మొద్దుబారింది, వాదన మొద్దుబారలేదు. కుడిచెయ్యి ఒడిలో అడ్డంగా పడి ఉండేది. చిన్నప్పటినుంచి కూర్చోబెట్టిన ఎడమచెయ్యి మాత్రం పుట్టినప్పటంత ఆరోగ్యంగా మిగిలింది.

'మంచిదే అయింది' అనుకున్నాను, పాపిష్టి మనసుతో. ఎడమచేతి వాటం మనిషికి ఎడమచెయ్యి మిగిలింది, ఇంకేం?

కామారెడ్డిలో ఆయనతో కసరత్తులు చేయించిన డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆమె ఒక రబ్బరు బంతిని బల్ల మీద పెట్టి, "తీసుకోండి సార్" అంది. ఎడమచెయ్యి లేచింది, సగం దాకా పోయింది, ఆగింది, నడుము దగ్గరికి వచ్చింది. తర్వాత ఆమె నాతో ఏదో మాట్లాడుతున్నట్టు నటించి, హఠాత్తుగా ఆ బంతిని ఆయన మీదికి విసిరింది. ఎడమచెయ్యి గాలిలోనే దాన్ని ఒడిసిపట్టింది. ఆయన బంతిని, చేతిని మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఇదేంది బిడ్డా, నాకు చెప్పకనే పట్టింది?"

"మీకు చెప్పే టైం లేదు సార్. అందుకే పట్టింది" అందామె నవ్వుతూ. "బస్సాగంగనే కిటికీలకెళ్లి అందరు సీట్లల్ల దస్తీలో తువ్వాలలో ఏస్తరు గద, సీటు నాదని? మెదడుల గూడ గట్లనే. మీ ముందట గ్లాసు ఉన్నదనుకోండ్రి. కుడిచేతి దారి తయారైతది, ఎడమచేతి దారి తయారైతది, రెండూ ఒక్కపారే. అన్నీ దస్తీలేస్తయి. ఒకటి గెలిచి కూసుంటది, మిగిలినవి దిగిపోతయి."

"మరి ఆ బస్సుల నేనెవణ్ణి? డ్రైవర్నా?"

"మీరు కండక్టర్ సార్. సీట్లు చానమట్టుకు నిండినంక వస్తరు."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత అన్నాడు: "నా సీట్ల మా అవ్వ దస్తీ ఏసి కూసున్నది తమ్మీ. ఎన్నేండ్లాయెనో, లేస్తలేదు."

ఆమె చెప్పినదాని వెంటపడి తర్వాత నేను కొంత చదివాను. మనం ముందు ఆలోచించి నిర్ణయిస్తామనీ, చెయ్యి ఆ ఆజ్ఞను పాటిస్తుందనీ అనుకుంటాం. అలా కాదట. ఒక వస్తువు కంట పడగానే దాన్ని అందుకోగల దారులు కొన్ని మెదడులో పక్కపక్కనే సిద్ధమవుతాయి. ఏది సుళువు, ఏది అలవాటు, దేనికి ఫలం దొరికింది, దేనికి దెబ్బ తగిలింది, ఇవన్నీ వాటి మీద బరువు వేస్తాయి. ఒకటి నెగ్గుతూ మిగతావాటిని అణచివేస్తుంది. పోటీ తెగకముందే కదలమంటే చెయ్యి రెండు దారులకూ మధ్యగా బయలుదేరి, నడుమ మలుపు తీసుకుంటుంది. మనందరిలోనూ కనబడకుండా జరిగిపోయే పోటీ ఆయనలో బయటికి, గాల్లోకి వచ్చి కనబడేది. అంతే తేడా.

తెలిసింది. తెలిస్తే ఏం లాభం? 'ఆలోచించి చెయ్యండి' అని జీవితమంతా గోడల మీద రాయించిన వాళ్లం మేము. ఆలోచించే సందు దొరక్కపోతేనే ఆయన చెయ్యి స్వేచ్ఛగా పోతోంది. ఆలోచన రాగానే ఆగిపోతోంది. ఆ బంతిని కిటికీలోంచి బయటికి విసిరికొట్టాలనిపించింది నాకు.

ఇంటి దగ్గర అసలు ఇబ్బంది మొదలైంది. వదిన, అంటే ఆయన భార్య, పొద్దున చేనుకు పోతే మధ్యాహ్నం దాటాకే వచ్చేది. ఆమె తినిపిస్తే నాలుగు బుక్కలు తిని నోరు మూసేవాడు. "నేనేమన్న పసిపోరన్నా?" అని మొహం తిప్పేవాడు. తన చేత్తో తినాలి, లేకపోతే తినడు. ఉన్నదేమో ఒక్క చెయ్యి. అది అన్నం దాకా పోదు. మనిషి చిక్కిపోయాడు. ఈల దారం కూడా మెడకు బరువన్నట్టు కనిపించేది. ఇట్లాగే ఉంటే పక్షవాతం ఇంకో దెబ్బ కొడితే తట్టుకోలేడని పెద్ద డాక్టరు చెప్పాడు.

నేను వారం వారం కామారెడ్డి నుంచి వెళ్లడం మొదలుపెట్టాను. అన్నం వేళకే వెళ్లేవాణ్ణి. ఎదురుగా కూర్చుని వాదించేవాణ్ణి. వదిన కంచంలో అన్నం, పచ్చిపులుసు, గుడ్డు పొరటు పెట్టి పోయేది.

"అన్నా, సబ్బుతోని కడిగినం. ఇగ ఈ చేతికి మురికున్నదా?" అనేవాణ్ణి, ఆయన యాసలోనే.

"లేదు."

"పాపమున్నదా?"

"పాపమేంది, పిచ్చిమాట."

"ఈ చెయ్యి చాపితే ఇయ్యాల ఎవలన్న పెట్టం అంటరా?"

"ఎవలంటరు? పెట్టిన కంచం ముందటనే ఉన్నది."

"మరి తిను."

"తింట."

ఎడమచెయ్యి లేచేది. కంచం వైపు పోయేది. అన్నం మీద, ఆవిరి తగిలేంత ఎత్తులో ఆగేది. వేళ్లు ముడుచుకునేవి. వెనక్కి వచ్చి నడుము దగ్గర కూర్చునేది. చెంచా ఇచ్చి చూశాను. చెంచా కూడా అక్కడిదాకే పోయి ఆగింది.

"నువ్వే గెల్సినవ్ తమ్మీ" అనేవాడు ఆయన. "నేను ఓడిపోయిన. అన్నం మాత్రం ఆడనే ఉన్నది చూడు."

కాదనేవాడితో వాదించవచ్చు. ఔననేవాడితో ఏం వాదిస్తాం? నా ప్రతి మాటకూ ఆయన తల ఊపేవాడు. నాకంటే బలమైన వాదనలు తనే అందించేవాడు. ఎడమచేతిని తప్పుపట్టడం తప్పని బడి పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన మనిషి. ఎడమచేత్తో రాసే పిల్లల చెయ్యి మీద బెత్తం వేసిన ఒక పంతులితో స్టాఫ్ రూములో కొట్లాటకు దిగిన మనిషి. బాబాలతో వాదించడం దీనికంటే సుఖం. వాళ్లు కనీసం ఒప్పుకోరు. ఒకరోజు గట్టిగా అరిచాను కూడా. "ఎవలకు భయపడుతున్నవన్నా? సచ్చిపోయిన అవ్వకా?" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. నడుము మీద చెయ్యి అట్లాగే ఉంచి, "రుజువేంది తమ్మీ, సచ్చిపోయిందని?" అన్నాడు.

తర్వాతి వారం వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు వదిన గేటు దాకా వచ్చింది. ఆమె నోరు ఎప్పుడూ పదును. మా సభలను 'మీ భజన' అని వెక్కిరించేది. ఆ రోజు మాత్రం కొంగు సర్దుకుంటూ నిలబడింది.

"తమ్మీ, ఒక మాట చెప్త, ఏమనుకోకు. నువ్వొచ్చిన దినం ఆయన తినడు."

"నేను రాని దినం తింటడా?"

"తింటడు. సగం కడుపుకన్న తింటడు."

నేను నమ్మలేదు. ఎట్లా అని అడిగాను.

"మధ్యాహ్నం అన్నం పెట్టుకోని ఎదురుంగ కూసుంట. నేను గూడ పుర్రచేత్తోనే తింట. నాకేడొస్తది? సగం మూతికి, సగం చీరెకు. పులుసంతా మోచేతికి కారుతది. అది జూసి నవ్వుతడు. గిట్ల గాదే, వేళ్లు గిట్ల వట్టు అనుకుంట నాకు చూపెడ్తడు. చూపెట్టుకుంట ఓ బుక్క పెట్టుకుంటడు. పెట్టుకున్నట్టు ఆయనకు గూడ ఎరుకుండది. నేను చెప్ప."

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే ఏం జేస్తుంటివి? సంబరపడి వచ్చి ఎదురుంగ కూసుంటుంటివి, ఏదీ తిను చూస్త అని. రేపు మీటింగుల చెప్తుంటివి. ఆయన చెయ్యి మల్ల పోతుండెనా?"

ఆమె మాటలో తప్పు వెతికాను. బస్సులో లింగంపేట దాటేదాకా వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు. ఆయన తినాలని నేను వెళ్లిన ప్రతి మధ్యాహ్నం ఆయన పస్తు పడుకున్నాడు. నేను పెట్టిన కళ్లు ఆ చేతికి ఇంకో గరిటె అయ్యాయి, దాటిపోయే గరిటె.

అన్నం వేళకు వెళ్లడం మానేశాను. సాయంత్రం వెళ్లి చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఆయన మొహం కొంచెం తేరుకుంది. ఒకసారి చొక్కా మీద పసుపు మరక చూశాను, ఎడమవైపు. అడగలేదు. అడగకుండా ఉండడం నా జీవితంలో నేను నేర్చుకున్న అతి కష్టమైన పని. ఆ చెయ్యి అన్నం అందుకోవడం నేను ఒక్కసారీ చూడలేదు. ఇంకో దెబ్బ వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతుండగానే పోయాడు.

ఇద్దరు ముసలివాళ్లు ఎదురెదురుగా కూర్చుని పులుసు కార్చుకుంటూ నవ్వుకోవడం ఏ రకం సంస్కరణ? దాన్ని ఏ వేదిక మీదికి ఎక్కించను? ఏ తీర్మానంలో రాయను? చూస్తే ఆగిపోయేదాన్ని నలుగురికి ఎట్లా చూపించను? వాదనకు లొంగనిది నవ్వుకు ఎందుకు లొంగింది? ఆ దస్తీని వదిన ఏ సందులోంచి వేసింది? జవాబు దొరికిందని ఎవరైనా అంటే నేనూ రుజువు అడుగుతాను.

మొన్నటి సభ అయ్యాక ఇంటి ముందు షామియానా కింద భోజనాలు పెట్టారు. ఆయన కోరినట్టే కర్మకాండ ఏదీ లేదు. పంతులు లేడు, పిండం లేదు. మా వాళ్లంతా పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డాం. దేనికీ భయపడని మనిషి గురించి ఇప్పుడే మాట్లాడి దిగిన వాళ్లం. అన్నం ఎవరో కుర్రవాళ్లు వడ్డించారు. పచ్చిపులుసు మాత్రం వదిన తనే తెచ్చింది. గిన్నెను కుడిచంకలో పెట్టుకుంది. గరిటె ఎడమచేతిలో ఉంది. ఇన్నాళ్ల నుంచి చేస్తున్న పనే, అలవాటు కొద్దీ చేస్తోంది. ఆ చెయ్యి ఇప్పుడు తొణకడం లేదు.

వరసలో మొదట ఉన్నది సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి. గరిటె ముందుకు రాగానే ఆయన పళ్లెం వెనక్కి పోయింది. ఎంతో కాదు, బొటనవేలంత. పక్కవాడి పళ్లెం కూడా. ఎవరూ వద్దనలేదు, ఎవరి మొహమూ మారలేదు. వాళ్లు చేశారని వాళ్లకే తెలియదు.

గరిటె గాల్లో ఆగింది. పులుసు బొట్లు బొట్లుగా నేల మీద పడింది. ఆమె వరస ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది.

"ఏందయ్యా" అంది మెల్లగా. "మీరు గూడనా?"

పళ్లేలు ఒక్కొక్కటీ తిరిగి ముందుకు వచ్చాయి. ఆమె అందరికీ పోసింది, నాకూ పోసింది.

నా పళ్లెం కదలలేదని ఇక్కడ రాయాలని ఎంతో ఉంది.